ఒకే ప్యాచ్‌కు అనేక ప్రతులు: ప్రతులను తయారుచేయడం, గుర్తించడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివి, ఇందులోని పనులు స్వయంగా చేసిన తరువాత మీరు:

• ఒక ప్యాచ్‌ను విడి ఫైలుగా భద్రపరచి, దానికి కావలసినన్ని ప్రతులను తయారుచేయగలుగుతారు.
• ఒక ప్రతికి పంపిన సందేశం మిగిలిన ప్రతులకు కూడా ఎందుకు చేరుతుందో వివరించగలుగుతారు.
• $0, $1, $2 అనే గుర్తుల మధ్య తేడాలను చెప్పగలుగుతారు.
• ‘క్లోన్’ పెట్టెను ఉపయోగించి, సంఖ్య ద్వారా ఒక్కొక్క ప్రతిని పిలవగలుగుతారు.

1. పరిచయం

గత పాఠంలో మీరు ప్యూర్ డేటా అనే ఉచిత కార్యక్రమంతో ఒక నాదాన్ని పుట్టించడం నేర్చుకొన్నారు. తెరమీద పెట్టెలను ఉంచి, వాటిని గీతలతో కలిపి శబ్దాన్ని తయారుచేసే పద్ధతిని దృశ్య ప్రోగ్రామింగ్ అంటారు. అలా కలిపిన పెట్టెల సముదాయమే ప్యాచ్.

ఈ పద్ధతి వెనుక కొంత చరిత్ర ఉంది. 1957లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో మాక్స్ మాథ్యూస్ కంప్యూటరుతో సంగీత ధ్వనిని పుట్టించే కార్యక్రమాన్ని రాశారు. 1980లలో పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో మిల్లర్ పకెట్ పెట్టెలు, గీతలతో పనిచేసే కార్యక్రమాన్ని తయారుచేశారు. మాథ్యూస్ గౌరవార్థం దానికి మాక్స్ అనే పేరు వచ్చింది. 1990లలో పకెట్ తయారుచేసినదే ప్యూర్ డేటా. దీనిని ఎవరైనా డబ్బు చెల్లించకుండా తీసుకొని వాడుకోవచ్చు. పాత కంప్యూటరులో కూడా ఇది పనిచేస్తుంది.

ఈ పాఠంలో మనం నాలుగు తీగల తంబురను ఉదాహరణగా తీసుకొందాం. కర్ణాటక సంగీతంలో తంబుర తీగలు వరుసగా పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. నాలుగు తీగలూ ఒకే విధంగా మోగుతాయి. అయితే ప్రతి తీగకూ తన శ్రుతి వేరు, మీటే సమయం వేరు. ఒకే నమూనా, నాలుగు ప్రతులు, ప్రతి దానికీ సొంత గుర్తింపు – ఈ పాఠం సారాంశం ఇదే.

గమనిక: ఈ పాఠంలో పెట్టెల పేర్లను తెలుగు లిపిలో ఇచ్చాం. తెరమీద వాటిని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి. ‘ఆస్క్~’ అంటే ఓ, ఎస్, సి అక్షరాలు, వాటి చివర అలగీత. ‘డాక్~’ అంటే డి, ఏ, సి, అలగీత. ‘వీలైన్~’ అంటే వి అక్షరం, దానిని ఆనుకొని లైన్ అనే మాట, అలగీత. అలగీత ఉన్న పెట్టెలు ధ్వనిని, అలగీత లేనివి సందేశాలను మోస్తాయి. తీగ, తంబుర, మీటు, శ్రుతి వంటి మన పేర్లను కూడా ఖాళీలు లేకుండా ఇంగ్లీషు అక్షరాలతోనే రాయండి.

2. నమూనా ప్యాచ్: ఒక తీగ

కంట్రోల్ మీటతో ఎన్ నొక్కి కొత్త ప్యాచ్ తెరవండి. కంట్రోల్‌తో 1 నొక్కితే వస్తువు పెట్టె, 2 నొక్కితే సందేశం పెట్టె, 3 నొక్కితే సంఖ్య పెట్టె వస్తాయి. ఇప్పుడు ఈ కింది విధంగా చేయండి.

(అ) ‘ఇన్‌లెట్’ అనే పెట్టె ఉంచండి. బయటి నుంచి సందేశం వచ్చే ద్వారం ఇది.
(ఆ) దాని కింద ‘0.2 20, 0 4000 20’ అనే సందేశం పెట్టె ఉంచి, ఇన్‌లెట్‌ను దానికి కలపండి.
(ఇ) దాని కింద ‘వీలైన్~’ ఉంచి కలపండి.
(ఈ) పక్కన ‘ఆస్క్~ $1’ ఉంచండి.
(ఉ) వీటి కింద ‘*~’ పెట్టె ఉంచండి. దాని ఎడమ ద్వారానికి ‘ఆస్క్~’ను, కుడి ద్వారానికి ‘వీలైన్~’ను కలపండి.
(ఊ) చివర ‘అవుట్‌లెట్~’ ఉంచి, ‘*~’ను దానికి కలపండి.

ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ‘ఆస్క్~’ నాదాన్ని పుట్టిస్తుంది. సందేశం అందగానే ‘వీలైన్~’ విలువ 20 మిల్లీసెకన్లలో 0.2కు పెరుగుతుంది. ఆ వెంటనే 4000 మిల్లీసెకన్లలో, అనగా 4 సెకన్లలో, నెమ్మదిగా 0కు దిగుతుంది. ఈ రెండింటినీ గుణించడం వల్ల నాదం మీటినట్లు మొదలై క్రమంగా అణగిపోతుంది. నిజమైన తంబుర నాదంలో అనేక ఉపస్వరాలు ఉంటాయి. మన తీగలో ఒక్క శుద్ధ స్వరమే ఉంది. ప్రతుల సంగతి నేర్చుకోవడానికి ఇది చాలు.

ఈ ప్యాచ్‌ను ‘తీగ’ అనే పేరుతో ఒక ఫోల్డరులో భద్రపరచండి.

3. నాలుగు ప్రతులు

మరొక కొత్త ప్యాచ్ తెరిచి, అదే ఫోల్డరులో ‘తంబుర’ అనే పేరుతో భద్రపరచండి. అందులో ఈ నాలుగు వస్తువు పెట్టెలు ఉంచండి.

‘తీగ 147’ – పంచమం
‘తీగ 196’ – సారణి
‘తీగ 196.5’ – అనుసారణి
‘తీగ 98’ – మంద్రం

ఒక్కొక్క దాని పైన ఒక బ్యాంగ్ పెట్టె ఉంచి కలపండి. నాలుగింటి కింది ద్వారాలనూ ‘డాక్~’ పెట్టె రెండు ద్వారాలకు కలపండి. ధ్వనిని ఆన్ చేసి, బ్యాంగ్‌లను ఒకదాని తరువాత ఒకటి నొక్కండి. చెవులకు ఫోన్లు పెట్టుకొని వినేవారు ముందుగా శబ్దాన్ని బాగా తగ్గించుకోవాలి.

196 అనేది సెకనుకు 196 కంపనాలు. ఇది ఐదు శ్రుతి షడ్జమం. దానిలో సగం 98 మంద్ర షడ్జమం. 98కి ఒకటిన్నర రెట్లు 147 పంచమం. అనుసారణిని కావాలనే అర కంపనం పెంచాం. సారణి, అనుసారణి కలిసి మోగినప్పుడు రెండు సెకన్లకు ఒకసారి నాదం ఉబ్బి తగ్గడం మీరు గమనిస్తారు.

‘తీగ’ అని టైపు చేయగానే ప్యూర్ డేటా ఆ పేరుగల ఫైలును వెదికి, దానికి ఒక ప్రతిని తయారుచేస్తుంది. ఫైలు ఒకటే, ప్రతులు నాలుగు. పేరు పక్కన మనం రాసిన విలువ ఆ ప్రతిలో $1 ఉన్నచోటికి వెళుతుంది. రెండవ విలువ రాస్తే $2కు, మూడవది రాస్తే $3కు వెళుతుంది. విలువ రాయడం మరిచిపోతే ప్యూర్ డేటా దానిని 0గా తీసుకొంటుంది. అప్పుడు స్వరం వినిపించదు.

పెట్టె చుట్టూ గీతకు బదులు చుక్కల గీత కనిపిస్తే ఫైలు దొరకలేదని అర్థం. రెండు ఫైళ్ళూ ఒకే ఫోల్డరులో ఉన్నాయో లేదో, అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూడండి.

ఇలా చేయడం వల్ల లాభమేమిటి? తీగ పెట్టెలన్నిటినీ నాలుగుసార్లు చేతితో నకలు చేసినా తంబుర మోగుతుంది. కాని రేపు 4 సెకన్లను 6 సెకన్లు చేయాలనుకొంటే నాలుగుచోట్ల దిద్దాలి. ఒక్కచోట మరిచిపోయినా ఒక తీగ తేడాగా మోగుతుంది. విడి ఫైలు అయితే ఒకసారి దిద్ది భద్రపరిస్తే చాలు. ప్రతులన్నీ ఆ మార్పుతో మళ్ళీ తయారవుతాయి. అయితే అలా తయారైనప్పుడు సంఖ్య పెట్టెలలో అప్పటివరకు ఉన్న విలువలు పోతాయని గుర్తుంచుకోండి.

పాఠ్యాంశ ప్రశ్నలు – 1

1. ‘తీగ 147’ అనే ప్రతిలో ‘ఆస్క్~ $1’ పెట్టెకు ఏ విలువ అందుతుంది?
2. వస్తువు పెట్టె చుట్టూ చుక్కల గీత ఎందుకు వస్తుంది?

4. ఒకే పేరు, నలుగురు పలికేవారు

ప్యాచ్ పెద్దదయ్యేకొద్దీ గీతలు ఒకదానిపై ఒకటి పడి చదవడం కష్టమవుతుంది. అప్పుడు ‘సెండ్’, ‘రిసీవ్’ పెట్టెలు వాడతాం. ఒకే పేరుగల సెండ్ నుంచి రిసీవ్‌కు గీత లేకుండానే సందేశం చేరుతుంది.

‘తీగ’ ఫైలులో ఇన్‌లెట్ నుంచి సందేశం పెట్టెకు ఉన్న గీతను తొలగించండి. ఇన్‌లెట్‌ను ‘సెండ్ మీటు’కు కలపండి. ‘రిసీవ్ మీటు’ను సందేశం పెట్టెకు కలపండి. భద్రపరచి, తంబురలో పంచమం తీగ బ్యాంగ్‌ను మాత్రమే నొక్కండి.

ఏమి జరిగింది? నాలుగు తీగలూ ఒక్కసారే మోగాయి!

తరగతిలో నలుగురు లక్ష్ములు ఉన్నారనుకోండి. ఉపాధ్యాయుడు ‘లక్ష్మీ!’ అని పిలిస్తే నలుగురూ లేస్తారు. తప్పు లక్ష్ములది కాదు, పిలుపుది. ప్యూర్ డేటాలో సెండ్, రిసీవ్ పేర్లు తెరిచి ఉన్న ప్యాచ్‌లన్నిటికీ ఉమ్మడి. ‘మీటు’ అనే పేరుతో నాలుగు ప్రతులలో నాలుగు రిసీవ్‌లు ఉన్నాయి. అందుచేత ఏ ప్రతి పంపినా అన్నీ అందుకొన్నాయి. ఈ దశలో పొరపాటు ఎక్కడుందో తెలియక, చక్కగా ఉన్న ప్యాచ్‌ను కూడా అభ్యాసకులు వదిలివేస్తుంటారు. కారణం తెలిస్తే దీనిని రెండు నిమిషాల్లో సరిచేయవచ్చు.

5. $0: ప్రతి ప్రతికీ ఒక ఇంటిపేరు

నలుగురు లక్ష్ములను వేరుచేయడానికి మనం ఏమి చేస్తాం? పేరుకు ముందు ఇంటిపేరు చేరుస్తాం. ప్యూర్ డేటా కూడా అదే సౌకర్యాన్ని ఇస్తుంది. ప్యాచ్ తెరిచినప్పుడు, లేదా ఫైలు నుంచి ఒక ప్రతి తయారైనప్పుడు, దానికి మరెవరికీ లేని ఒక సంఖ్యను కేటాయిస్తుంది. ఆ సంఖ్యే $0.

‘తీగ’ ఫైలులో రెండు పెట్టెలను ఇలా మార్చండి.

‘సెండ్ $0-మీటు’
‘రిసీవ్ $0-మీటు’

భద్రపరచి మళ్ళీ నొక్కండి. ఇప్పుడు నొక్కిన తీగ ఒక్కటే మోగుతుంది. తెరమీద నాలుగు ప్రతులలోనూ $0 అనే కనిపిస్తుంది. లోపల మాత్రం ఒకదానిలో 1004-మీటు, మరొకదానిలో 1005-మీటు వంటి వేరువేరు పేర్లు ఏర్పడతాయి.

ఆ సంఖ్యను కళ్ళారా చూడాలంటే ‘తీగ’ ఫైలులో ‘లోడ్‌బ్యాంగ్’, ‘ఫ్లోట్ $0’, ‘ప్రింట్’ పెట్టెలను ఒకదాని కింద ఒకటి కలిపి భద్రపరచండి. తంబుర ప్యాచ్‌ను మూసి తెరవండి. ప్యూర్ డేటా ప్రధాన కిటికీలో నాలుగు వేరువేరు సంఖ్యలు కనిపిస్తాయి. మళ్ళీ మూసి తెరిస్తే ఆ సంఖ్యలు మారవచ్చు. కాబట్టి 1004 వంటి సంఖ్యను చూసి, దానినే నేరుగా ప్యాచ్‌లో రాయకూడదు. ఎల్లప్పుడూ $0 అనే రాయాలి.

$0 విషయంలో మూడు నియమాలు గుర్తుంచుకోండి.

(1) వస్తువు పెట్టెలో $0 పనిచేస్తుంది. సందేశం పెట్టెలో $0 రాస్తే ప్రతి సంఖ్య రాదు. అక్కడ $1 అంటే కూడా అర్థం వేరు: లోపలికి వచ్చిన సందేశంలోని మొదటి అంశం. సందేశంలో ప్రతి సంఖ్య కావాలంటే ‘ఫ్లోట్ $0’ నుంచి దానిని పంపి, సందేశం పెట్టెలో $1గా అందుకోవాలి.
(2) ‘పిడి’ అనే మాటతో, అనగా పి, డి అక్షరాలతో, మొదలయ్యే ఉపప్యాచ్‌కు విడిగా $0 ఉండదు. అది తానున్న ప్యాచ్ $0నే పంచుకొంటుంది. ఒక ఇంట్లోని గదికి వేరే ఇంటిపేరు ఉండదు కదా!
(3) ‘టేబుల్’ వంటి పెట్టెలకు పెట్టే పేర్లు కూడా ఉమ్మడివే. ప్రతులుగా వాడే ఫైలులో వాటికీ $0 చేర్చాలి.

6. బయటి నుంచి ఒక ప్రతిని పిలవడం

$0 పేరు ఆ ప్రతికి అంతరంగికం. బయట ఉన్న తంబుర ప్యాచ్‌కు అనుసారణి $0 ఎంతో ముందుగా తెలియదు. మరి అనుసారణి శ్రుతిని బయటి నుంచి, గీత లేకుండా, సవరించడం ఎలా? దానికి మనమే ఒక సంఖ్య ఇవ్వాలి. తంబురలో పెట్టెలను ఇలా మార్చండి.

‘తీగ 147 1’, ‘తీగ 196 2’, ‘తీగ 196.5 3’, ‘తీగ 98 4’

‘తీగ’ ఫైలులో ‘రిసీవ్ శ్రుతి-$2’ ఉంచి, దానిని ‘ఆస్క్~’ ఎడమ ద్వారానికి కలపండి. తంబురలో ఒక సంఖ్య పెట్టెను ‘సెండ్ శ్రుతి-3’కు కలపండి. షిఫ్ట్ మీట నొక్కి ఉంచి సంఖ్య పెట్టెను మౌస్‌తో లాగితే దశాంశాలు మారతాయి. విలువను 196 దరిదాపుల్లో మారుస్తూ వినండి. అనుసారణి ఒక్కటే కదులుతుంది.

7. రెండు తంబురలు ఉంటే?

ఇప్పుడు ‘కచేరీ’ అనే మూడవ ప్యాచ్ చేసి, అందులో ‘తంబుర’ పెట్టెలు రెండు ఉంచారనుకోండి. ఒక తంబురలో అనుసారణిని సవరిస్తే రెండవ తంబుర అనుసారణి కూడా మారుతుంది. ఎందుకంటే రెండింటిలోనూ ‘శ్రుతి-3’ ఉంది. పాత చిక్కే ఒక మెట్టు పైకి వచ్చింది.

ఇక్కడ తల్లి ప్యాచ్ ఇంటిపేరును పిల్లలకు అందించాలి. తంబుర ఫైలులో ఇలా రాయండి.

‘తీగ 196.5 3 $0’

మిగిలిన మూడు తీగలకు కూడా చివర $0 చేర్చండి. తంబురలోని సెండ్‌ను ‘సెండ్ $0-శ్రుతి-3’ అనీ, తీగలోని రిసీవ్‌ను ‘రిసీవ్ $3-శ్రుతి-$2’ అనీ మార్చండి.

తంబుర ఫైలులో రాసిన $0 తంబుర ప్రతి సంఖ్య. అది తీగలోకి $3గా చేరింది. తీగలో $0 అని రాస్తే అది తీగ సొంత సంఖ్య అవుతుంది, తంబురది కాదు. ఈ తేడా స్పష్టమయ్యేవరకు ఈ భాగాన్ని మరొకసారి చదవండి. ఒక తంబురలో ఎన్ని తీగలున్నా, కచేరీలో ఎన్ని తంబురలున్నా ఈ ఏర్పాటు చెడదు.

పాఠ్యాంశ ప్రశ్నలు – 2

3. ప్రతి లోపలే ఉండవలసిన పేరుకు ఏ గుర్తు చేర్చాలి?
4. సందేశం పెట్టెలో $1 అంటే ఏమిటి?
5. తంబుర తన $0ను తీగకు ఎందుకు అందించాలి?

8. ‘క్లోన్’ పెట్టె

తీగలు నాలుగైతే చేతితో ఉంచవచ్చు. పదహారు స్వరాలు ఒకేసారి మోగాలంటే? 2016 నుంచి ప్యూర్ డేటాలో దీనికి ‘క్లోన్’ అనే పెట్టె ఉంది.

ముందుగా ‘స్వరం’ అనే చిన్న ఫైలు చేయండి. ‘ఇన్‌లెట్’ను ‘ఆస్క్~’కు, దానిని ‘*~ 0.2’కు, దానిని ‘అవుట్‌లెట్~’కు కలపండి. తరువాత కొత్త ప్యాచ్‌లో ‘క్లోన్ స్వరం 4’ అని రాయండి. ఒక్క పెట్టెలోనే నాలుగు ప్రతులు తయారవుతాయి. వాటి సంఖ్యలు 0, 1, 2, 3. లెక్క 0 నుంచి మొదలవుతుందని గమనించండి. 1 నుంచి మొదలుకావాలంటే ‘క్లోన్ -ఎస్ 1 స్వరం 4’ అని రాయాలి.

ధ్వనిని ఆన్ చేసే ముందే నాలుగు ప్రతులకూ స్వరాలు పంపండి. ‘0 147’, ‘1 196’, ‘2 196.5’, ‘3 98’ అనే సందేశాలను క్లోన్‌కు పంపితే మొదటి సంఖ్య చిరునామా అవుతుంది, రెండవది ఆ ప్రతికి చేరే విలువ అవుతుంది. అన్ని ప్రతులకూ ఒకే విలువ పంపాలంటే సంఖ్యకు బదులు ‘ఆల్’ అనే మాట రాయాలి. ప్రతుల నుంచి వచ్చే ధ్వనులను క్లోన్ తానే కూడి ఇస్తుంది.

క్లోన్ తయారుచేసిన ప్రతి లోపల $1 అంటే ఆ ప్రతి సంఖ్య. మనం అదనంగా రాసే విలువలు $2 నుంచి మొదలవుతాయి. అందుచేత ముందు చేసిన ‘తీగ’ ఫైలును క్లోన్‌లో అలాగే వాడకూడదు. అందులోని $1, $2, $3లను ఒక్కొక్క స్థానం జరపాలి.

9. ఒక ముఖ్యమైన జాగ్రత్త

ప్రతులు పెరిగితే శబ్దం కూడా పెరుగుతుంది. ‘డాక్~’కు అందే విలువ -1, +1 మధ్య ఉండాలి. అంతకు మించితే నాదం తెగి కరకరమంటుంది, చెవికి కూడా హాని. ఒక్కొక్కటి 0.2 అయితే నాలుగు కలిసి 0.8, ఇది సరే. పదహారు కలిస్తే 3.2 వరకు పోవచ్చు. అప్పుడు ఒక్కొక్క దానిని 0.05కు తగ్గించండి. ప్రతుల సంఖ్య మార్చిన ప్రతిసారీ ఈ చిన్న గుణకారం చేసుకోండి.

మీరు నేర్చుకొన్నది

• విడి ఫైలుగా ఉన్న ప్యాచ్‌కు ఎన్ని ప్రతులైనా చేయవచ్చు. ఒకచోట దిద్దితే అన్నీ మారతాయి.
• సెండ్, రిసీవ్ పేర్లు అన్ని ప్యాచ్‌లకూ ఉమ్మడి.
• $0 ప్యూర్ డేటా ఇచ్చే సంఖ్య. ప్రతి లోపలి పేర్లను కలిసిపోకుండా కాపాడుతుంది.
• $1, $2, $3 మనం ఇచ్చే విలువలు. బయటి నుంచి పిలవడానికి ఇవే ఆధారం.
• తల్లి ప్యాచ్ తన $0ను పిల్ల ప్రతులకు విలువగా అందించవచ్చు.
• ‘క్లోన్’ అనేక ప్రతులను ఒకే పెట్టెలో తయారుచేసి, సంఖ్యతో పిలిచే వీలు కల్పిస్తుంది.

ముగింపు అభ్యాసం

1. మీ తంబుర శ్రుతిని 196 నుంచి 132కు మార్చండి. పంచమం, మంద్రం విలువలు లెక్కకట్టండి.
2. కచేరీలో రెండు తంబురలు, మొత్తం ఎనిమిది తీగలు ఒకేసారి మోగితే గరిష్ఠ విలువ ఎంత? దానిని ఎలా సరిచేస్తారు?
3. తీగలో ‘రిసీవ్ $3-శ్రుతి-$2’కు బదులు పొరపాటున ‘రిసీవ్ $0-శ్రుతి-$2’ అని రాస్తే ఏమవుతుంది?

సమాధానాలు

పాఠ్యాంశ ప్రశ్నలు: 1. 147. 2. ఆ పేరుగల ఫైలు దొరకనందువల్ల. 3. $0. 4. లోపలికి వచ్చిన సందేశంలోని మొదటి అంశం. 5. ఒక తంబురకు పంపిన సవరణ మరొక తంబుర తీగలకు చేరకుండా ఉండడానికి.

ముగింపు అభ్యాసం: 1. మంద్రం 66, పంచమం 99. 2. 8 × 0.2 = 1.6. తీగ ఫైలులోని 0.2ను 0.1 చేస్తే 0.8 అవుతుంది. 3. తీగ తన సొంత సంఖ్యతో ఎదురుచూస్తుంది, తంబుర తన సంఖ్యతో పంపుతుంది. పేర్లు కలవవు కనుక సవరణ చేరదు. ఎలాంటి తప్పు సూచన కూడా కనిపించదు. కాబట్టి సందేశం చేరనప్పుడు ముందుగా రెండువైపులా పేర్లు సరిచూడండి.